ఎడమకు ఒరిగిన ఓడ

మా ఆయన నడిపే బస్సు గోడను గుద్దిన పదకొండో రోజున ఆ పెట్టె మా ఇంటికి వచ్చింది. అప్పటికి వానలు మొదలై వారమైంది. మార్కెట్టు దాటాక వచ్చే పల్లంలో బస్సు ఆగలేదు. బ్రేకు పడలేదని ఆయన చెప్పాడు. బస్సులో ఉన్నవాళ్ళలో చాలామంది గీరుకుపోయిన దెబ్బలతో బయటపడ్డారు. పుస్తకాలు బైండింగు చేసే ఒక పెద్దాయనకు మాత్రం కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. విచారణ తేలేదాకా మా ఆయన్ని డ్యూటీకి రావద్దన్నారు.

ఇరవై రెండేళ్ళుగా తెల్లవారకముందే లేచే మనిషి. ఇప్పుడూ ఆ వేళకే లేచేవాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఇక అంతే. పిలిస్తే భోజనానికి వచ్చేవాడు, పిలవకపోతే ఆకలనేవాడు కాదు. మా అత్తగారు అలా కాదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళనందరినీ ఆపి చెప్పేది.

"బ్రేకులు పడకపోతే డ్రైవరేం చేస్తాడు? కాలు అడ్డంపెట్టి ఆపుతాడా?"

మా వీధిలో ఆ మాట విననివాళ్ళు లేరు. నేనూ ఆ మాటే నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణమేమీ కనపడలేదు.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. కొత్తవి తక్కువ. నడుములు వదులు చేయడం, పొడుగులు తగ్గించడం, జిప్పులు మార్చడం, ఇవే ఎక్కువ. వీధి చివర ఉండే పెద్ద టీచరుగారు ఆ రోజు తన భర్త చొక్కాలు ఆరు తెచ్చి, తనకు సరిపోయేలా కత్తిరించమంది. ఆయన పోయి ఏడాదైంది. చొక్కాలతోపాటు ఒక అట్టపెట్టె కూడా నా మిషను మీద పెట్టింది.

"రిటైరయ్యాక చేస్తానని కొనుక్కున్నారు. సీలు కూడా విప్పలేదు. మీ ఆయన ఖాళీగా ఉన్నారంటున్నావుగా, ఇవ్వమ్మా. చేతికి పనుంటే మనసు కాస్త సర్దుకుంటుంది."

పెట్టె మీద మూడు స్తంభాల తెరచాప ఓడ బొమ్మ ఉంది. లోపల పలచటి చెక్క పలకలు, మూరెడు పొడుగున సన్నటి బద్దలు, ఆవగింజంత తలలున్న ఇత్తడి మేకులు, దారపు ఉండలు, నాలుగు మడతల కాగితం. ఆ కాగితం మీది భాష మాకెవరికీ రాదు. బొమ్మలు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి, అంతే.

ఆయన పెట్టెలోకి ఒకసారి చూసి, "నేనేమన్నా పసిపిల్లాణ్ణా," అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

పెట్టె నాలుగు రోజులు నా మిషను కిందే ఉంది. ఐదో రోజు ఒకటే వాన. గిరాకీ లేదు. ఖాళీ చేతులతో కూర్చోవడం నాకు పడదు. పెట్టె పైకి తీసి, కాగితం పరిచి, ఒకటో అంకె వేసిన ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాను. ఓడ సంగతి నాకేం తెలుసు? నేను సముద్రమే చూడలేదు. కానీ కాగితం చూసి కత్తిరించడం, అంచుకు అంచు కలపడం నాకు కొత్తేమీ కాదనుకున్నాను.

కొత్తే. బట్ట తప్పు కత్తిరిస్తే అతుకు వేయొచ్చు. చెక్క అలా మాట వినదు. ముందు ఓడకు వెన్నెముకలాంటి పొడుగు పలక ఒకటి, దానికి అడ్డంగా పక్కటెముకల్లా పదకొండు ముక్కలు. ఏడో ముక్క స్థానంలో ఎనిమిదోది అతికించి, మర్నాడు వేడినీళ్ళలో నానబెట్టి ఊడదీశాను. ఎముకలన్నీ నిలబడేసరికి వారం పట్టింది. గర్వంగా మా అత్తగారికి చూపించాను.

"పడవ అయిపోయిందా?" అంది ఆమె.

"ఓడ అత్తయ్యా. ఇంకా మొదలే."

"అదీ అనుకున్నాను. ఇల్లు అలకగానే పండగైపోతుందా," అని, ఆ ఎముకల గూడును ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. "చేప తిని పారేసినట్టుంది."

తర్వాత బద్దలు. వాటిని పక్కటెముకల మీద వంచుతూ ఒకదాని కింద ఒకటి అతికించాలి. పొడి బద్దను వంచితే విరుగుతుంది. మూడు విరగ్గొట్టాక నా ఇస్త్రీపెట్టె గుర్తొచ్చింది. బద్దను నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తూ వంచితే కాలరులాగా చెప్పినట్టు తిరిగింది. ఆ సంబరంలో ఒక పూటంతా కూర్చుని ఎడమ పక్కన ఐదు బద్దలు వేసేశాను. మర్నాడు పొద్దున చూస్తే ఓడ వెన్ను వంకర తిరిగి ఉంది. బల్ల మీద పెడితే ఎడమకు ఒరిగిపోయింది. అరచేత్తో నొక్కి చూశాను, బరువు పెట్టి చూశాను. లాభం లేదు.

"ఒకే పక్కన వేస్తే అంతే అవుతుంది."

వెనక నుంచి మా ఆయన గొంతు. కుర్చీలోంచి లేవలేదు, మెడ మాత్రం తిప్పాడు. ఆ మూడు వారాల్లో అడక్కుండా ఆయన మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను.

"చక్రానికి నట్లన్నీ ఒకే పక్క నుంచి బిగించుకుంటూ పోతారా? ఇటొకటి, అటొకటి. లేకపోతే చక్రం ఒకవైపు లాగేస్తుంది. ఇదీ అంతే. ఇటొక బద్ద వేస్తే అటొక బద్ద."

"మరి నిన్న చెప్పొచ్చుగా?"

"నిన్న నేను చూడలేదు," అన్నాడు. కానీ చూసే ఉంటాడు. అంత చిన్న గదిలో చూడకుండా ఎలా ఉంటాడు?

ఆ వంకర పూర్తిగా పోలేదు. కుడి పక్కన ఐదు బద్దలు వేశాక కాస్త సర్దుకుంది, అంతే.

ఆ వారమే కండక్టరు వచ్చాడు. మా ఆయనతో ఎనిమిదేళ్ళుగా ఒకే బస్సులో తిరిగిన మనిషి. వస్తూనే, "వదినా, టీ," అంటాడు, చెప్పులు విప్పకముందే. ఆ రోజు కూడా అలాగే అని, మా ఆయన ఎదురుగా బల్ల లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, వచ్చే నెల రెండో గురువారం విచారణ. నువ్వు తొక్కావు, పెడలు అడుగంటింది, బస్సు ఆగలేదు. నేను వెనక నుంచి చూశాను. రెండు ముక్కలు. మూడోది మాట్లాడొద్దు."

"మరి బ్రేకులు చూసిన మేస్త్రికి?" అన్నాడు మా ఆయన.

"ఏమవుతుంది? పీకేస్తే ఇంకోచోట చూసుకుంటాడు. ఒంటిగాడు. నీకు ఇల్లుంది, పెద్దావిడ ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నువ్వు ఆలోచించకు."

మా ఆయన టీ చల్లారిపోయేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నేను మేస్త్రినే తప్పుపట్టాను ఆ రోజు. సరిగ్గా పని చెయ్యనివాడి మీద ఇంత జాలెందుకని నాకు లోపల కోపం కూడా వచ్చింది.

ఓడ దగ్గర కొత్త తంటా మొదలైంది. బద్దలను జిగురు ఒక్కటే ఆపదు, ఆ ఇత్తడి మేకులు కొట్టాలి. కొడితే బద్ద నిలువునా చీలుతోంది. ఒకటి, రెండు, నాలుగు. పెట్టెలో అదనంగా వేసిన బద్దలు అయిపోవచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"దిక్కుమాలిన మేకులు. పనికిమాలిన చెక్క," అన్నాను.

మా అత్తగారు మంచం మీద దారపు ఉండల చిక్కు విప్పుతోంది. అప్పటికి ఆమె కూడా ఓడ పనిలోకి దిగింది, పడవ అనడం మాత్రం మానలేదు. తలెత్తకుండానే అంది, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చేతకాక మేకుల మీద పడ్డావా?"

నాకు నవ్వొచ్చింది. మా ఆయన మాత్రం లేచి, ఆ వానలోనే గొడుగు లేకుండా బయటికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత తడిసి ముద్దయి వచ్చాడు.

మేకు కొట్టేముందు సన్నటి చిల్లు పెట్టాలని ఇనుప సామాను కొట్టాయన చెప్పాడు. అంత సన్నటి డ్రిల్లు తన దగ్గర లేదన్నాడు. "బస్సు డిపో షెడ్డులో ఉంటుంది, అడిగి చూడమ్మా," అన్నాడు. డిపోలో నన్ను ఎరిగినవాళ్ళు చాలామంది. వాళ్ళ జాలి చూపులు తప్పించుకోవాలని భోజనాల వేళ చూసుకుని వెళ్ళాను. షెడ్డులో ఒక్క మనిషే ఉన్నాడు, గోడ పక్కన పాత టైరు మీద కూర్చుని. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో పని లేదు గానీ, గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"చిన్న డ్రిల్లు కావాలండీ," అన్నాను.

"బిల్లా? బిల్లులు ఆఫీసులో అడగాలమ్మా."

"బిల్లు కాదు, డ్రిల్లు."

"ఈ పక్కకు రండి. ఆ చెవి ఇంజన్లు తినేశాయి. అందుకే నన్ను చెవిటి మేస్త్రి అంటారు. అసలు పేరుతో పిలిస్తే నాకే వినపడదు," అని తనే నవ్వాడు.

ఓడ అనగానే ఆయన ముఖం మారిపోయింది. నేను తీసుకెళ్ళిన మేకును వేళ్ళ మధ్య పెట్టుకుని, తన పెట్టె నిండా ఉన్న పుల్లల్లాంటి డ్రిల్లు ముక్కలతో ఒక్కొక్కదాన్ని పోల్చి చూశాడు. మోటారుది వద్దన్నాడు, చెక్కను కాల్చేస్తుందట. చేత్తో తిప్పేది, పిడికి ఎర్ర టేపు చుట్టినది తీసి ఇచ్చాడు. ఒక పాత చెక్కముక్క మీద నా చేత నాలుగు చిల్లులు పెట్టించి, ఐదోది బాగా వచ్చాక గానీ వదల్లేదు.

"తొందరేం లేదు, పనయ్యాకే తెచ్చివ్వండి. నాకు ఇప్పుడు వీటితో పని లేదు. పక్కన కూర్చోబెట్టారు."

"ఎందుకని?"

"మార్కెట్టు పల్లంలో ఒక బస్సు గోడను గుద్దిందే, దాని బ్రేకులు చూసింది నేనే. ముందురోజు సాయంత్రం చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను."

"మరి డ్రైవరు?" అన్నాను, ఎవరి గురించో అడుగుతున్నట్టు.

"మంచివాడమ్మా. ఇన్నేళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. ఆయన పడలేదన్నాడంటే పడలేదేమో. యంత్రం కదా, ఎవరు చెప్పగలరు? నేను మాత్రం రోజూ కళ్ళు మూసుకుంటే చాలు, ఆ బ్రేకుల్నే విప్పి మళ్ళీ బిగిస్తున్నాను. ప్రతిసారీ బాగానే ఉంటాయి."

నేను ఎవరి ఇంటిమనిషినో ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకిప్పటికీ తెలియదు. డ్రిల్లు సంచీలో వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో బల్ల మీద పెట్టగానే మా ఆయన చూపు దాని మీద పడింది. లేచి వచ్చి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ టేపు చుట్టింది మేస్త్రి. అతనిచ్చాడా?"

"ఆ."

"నువ్వెవరో తెలిసే ఇచ్చాడా?"

"తెలియదు. నేను చెప్పలేదు."

దాన్ని గాలిలోనే రెండు మూడుసార్లు తిప్పాడు. మేస్త్రి ఏమన్నాడని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేనూ చెప్పలేదు. కాసేపటికి కుర్చీని కిటికీ దగ్గర నుంచి బల్ల దగ్గరికి జరుపుకుని, "నువ్వు బద్ద పట్టుకో, నేను తిప్పుతాను," అన్నాడు.

అలా పది రోజులు చేశాం. ఆయన చిల్లు పెడితే నేను మేకు కొట్టేదాన్ని. ఇటొక బద్ద, అటొక బద్ద. మాటలు తక్కువే. "ఇంకాస్త వంచు," "అటు ముక్క అందుకో," అంతే. అయినా ఇంట్లో ఒక మనిషి పెరిగినట్టుండేది.

ముక్కు దగ్గర బద్దలు అన్నిటికంటే మొండివి. అక్కడ ఒక్కసారిగా వంపు తిరగాలి. ఎంత ఇస్త్రీ చేసినా జిగురు ఆరేదాకా వేళ్ళతో నొక్కి పట్టుకోకపోతే ఎగిరిపోతాయి. ఆ మధ్యాహ్నం చివరి బద్ద. నేను ముక్కు దగ్గర, ఆయన వెనక, నాలుగు చేతులతో పట్టుకుని నిలబడ్డాం. మా అత్తగారు మంచం మీద దారాలు పొడుగుల వారీగా విడదీస్తోంది.

"ఎంతసేపు?" అన్నాడు.

"వంద లెక్కపెట్టండి."

నెమ్మదిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దగ్గర ఆగిపోయాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడనుకున్నాను.

"బ్రేకులు బాగానే ఉన్నాయి," అన్నాడు.

నేను తలెత్తలేదు. నా బొటనవేలి కింద బద్ద వెచ్చగా ఉంది.

"నీళ్ళ సీసా కింద పడింది. దొర్లుకుంటూ పెడలు కిందికి పోతుందేమోనని వంగాను. లేచేసరికి గోడ."

ఆయన వైపు బద్ద కొంచెం పైకి లేచింది.

"వదలకండి," అన్నాను. "ఇంకా అరవై ఉన్నాయి."

ఆయన నలభై ఒకటి నుంచి మళ్ళీ అందుకున్నాడు. వంద అయ్యేదాకా ఇద్దరం వదల్లేదు. వంద అయ్యాక కూడా కాసేపు వదల్లేదు.

మా అత్తగారి చేతిలో దారం ఎప్పుడో ఆగిపోయింది. ఏడుస్తుందేమో, కొడుకును తిడుతుందేమో, లేదా నోరు మూసుకొమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"విచారణ ఎప్పుడురా?"

"గురువారం."

"అయితే ఆ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి అమ్మాయ్. నలిగిన చొక్కా వేసుకుని నిజం చెబితే ఎవరూ నమ్మరు."

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేసుకుంది. పాలు తెచ్చే ఆవిడ మొదలుకుని ఎవరు కనపడితే వాళ్ళను ఆపి, "నేను ఇన్నాళ్ళూ చెప్పింది తప్పు. బ్రేకులు బాగానే ఉన్నాయట. మావాడే చూసుకోలేదు," అని చెప్పింది. భోజనాల వేళదాకా చెప్పింది. తర్వాత లోపలికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నేను పిలిచినా తినలేదు.

విచారణ గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల పావుగంట కూడా పట్టలేదు. నిజం చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదని ఆ రోజే తెలిసింది. మేస్త్రిని ఆ సాయంత్రమే పనిలోకి తీసుకున్నారు. మా ఆయన ఇక స్టీరింగు పట్టకూడదన్నారు. ఉద్యోగం పూర్తిగా తియ్యకుండా బస్సులు కడిగే చోట వేశారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు కండక్టరుకు మెమో ఇచ్చారు. ఆ తర్వాత అతను మా గడప తొక్కలేదు. రోడ్డు మీద ఎదురైనా వదినా అని పిలవలేదు. అది నాకు అనుకున్నదానికంటే ఎక్కువే బాధ కలిగించింది.

కడిగే పని మొదటి రోజు మా ఆయన ఇంటికి వచ్చి, మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా బండిని కూడా కడిగాను," అన్నాడు. ఆ వారమంతా నేను ప్యాంటు అంచులు పైకి మడిచి కుట్టాను, నీళ్ళు అంటకుండా.

ఓడ స్తంభాలు నిలబెట్టి, తాళ్ళు కట్టడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ పనంతా నేనూ మా అత్తగారూ చేశాం. ముడులు వేయడంలో ఆమె ముందు నేను చాలను. అంతా అయ్యాక బల్ల మీద పెడితే ఎడమకు ఒరిగే ఉంది.

"గాలి అటు కొడుతోందనుకుంటే సరి," అంది మా అత్తగారు.

టీచరుగారు వచ్చి చూసింది. తీసుకెళ్ళమన్నాను. ఓడ చుట్టూ ఒకసారి తిరిగి, "ఆయన చేసుంటే నిటారుగా ఉండేది," అంది. మళ్ళీ తనే, "చేసుండేవారు కాదులే," అని నవ్వి, భర్త చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టాక, ఒక ఆదివారం మా ఆయన చెప్పులు వేసుకుని, "నువ్వు కూడా రా," అన్నాడు. ఎక్కడికని అడగలేదు. బైండింగు పెద్దాయన ఇల్లు మార్కెట్టు వెనక సందులో ఉంది. ఒకటే గది, గోడల వెంట నిలువెత్తు పుస్తకాల దొంతరలు. లైబ్రరీ నుంచి వచ్చినవి, అట్టలు ఊడిపోయినవి. చేతికి కట్టు విప్పేశారు గానీ వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి.

"ఆ బస్సు నడిపింది నేనేనండీ," అన్నాడు మా ఆయన గుమ్మంలోనే.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"విన్నాను. నీళ్ళ సీసా అట కదా?"

"అవునండీ."

"దొరికిందా?"

"ఏమిటండీ?"

"సీసా."

"లేదండీ."

"సరే, వెళ్ళు."

మళ్ళీ ఆదివారం వెళ్ళాం. ఆయన తలుపు తీశాడు, కూర్చోమనలేదు. నిలబడి, నిలబడి వచ్చేశాం. దారిలో, "ఇంకెందుకండీ," అన్నాను. మూడో ఆదివారం పెద్దాయన ఒక ముక్కాలిపీట చూపించాడు. ఒక్కటే ఉంది. ఎవరూ కూర్చోలేదు.

నాలుగోసారి వెళ్ళేసరికి పెద్దాయన ఒక లావుపాటి పుస్తకాన్ని గడ్డంతో నొక్కిపట్టి, ఎడమచేత్తో కుట్టాలని చూస్తున్నాడు. కాగితాలు జారిపోతున్నాయి. ముందుకు వెళ్ళి, "కుట్టు నాకొచ్చండీ, ఇలా ఇవ్వండి," అన్నాను.

"బట్ట వేరు, కాగితం వేరు. లాగితే చిరుగుతుంది," అన్నాడు నా వైపు చూడకుండా. తర్వాత మా ఆయనతో, "నిలబడి చూస్తావేం? పట్టుకో."

మా ఆయన నేల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్దాయన ఒక్కో కుట్టూ వేసి, ఊపిరి పీల్చి, మళ్ళీ వేశాడు. "గట్టిగా." "అంత గట్టిగా కాదు." "కదపకు." ఆ మాటలు తప్ప గదిలో ఇంకేమీ లేవు. పుస్తకం అయ్యేసరికి గంటన్నర పట్టింది. క్షమించానని ఆయన అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

మేము లేస్తుంటే గోడ పక్క దొంతర చూపించాడు.

"ఇవి పదకొండున్నాయి. రేపు రా."

"ఐదింటికి డ్యూటీ అయిపోతుందండీ. ఐదున్నరకల్లా ఉంటాను."

"ఐదున్నరంటే ఐదున్నర. బస్సులో వస్తావా?"

"నడిచే వస్తానండీ."

పెద్దాయన నవ్వలేదు. తల మాత్రం ఒకసారి ఊపి, రేపటికి సిద్ధంగా ఉండాలని, దారం ఎక్కించమని సూది నా చేతికిచ్చాడు.